బెరడు మీది పెచ్చు లైకెన్లను గుర్తించే పని: అమ్మాయిని ఇటు పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం, వృక్షశాస్త్రం చదువుతోంది. చెట్ల బెరడుకు పెచ్చులా అంటుకుని ఉండే లైకెన్లను (శిలీంద్రం, శైవలం కలిసి బతికే జీవులను), వాటి మీద మళ్లీ పెరిగే నల్లటి చుక్కలను ఫొటోలు తీసి పేర్లు వెతుకుతూ ఉంటుంది. పరిశోధన కూడా ఇందులోనే చేస్తానంటోంది. దీన్ని నమ్ముకోవచ్చా? ఇప్పుడే మైక్రోస్కోప్ కొనివ్వాలా?

జవాబు: లైకెన్లు మాత్రమే తెలిసినవారి కోసం విడిగా ఉద్యోగాలు పడడం చాలా అరుదు. ఈ నైపుణ్యం ఉన్నవారు హెర్బేరియంలలో (ఎండబెట్టిన నమూనాలను భద్రపరిచే చోట్లలో), మ్యూజియంలలో, జీవవైవిధ్య సర్వేలలో, గాలి కాలుష్యాన్ని అంచనా వేసే ప్రాజెక్టులలో, విశ్వవిద్యాలయాల శిలీంద్ర విభాగాలలో పనిచేస్తుంటారు. గాలి నాణ్యతకూ లైకెన్లకూ ఉన్న సంబంధాన్ని లైకెన్ శాస్త్రవేత్త విలియం నైలాండర్ పారిస్‌లోని లక్సెంబర్గ్ తోటను చూసి 1866లోనే రాశారు. విడిగా ఉద్యోగాలు అరుదు కాబట్టి పీజీలో లైకెన్లతో పాటు శిలీంద్ర వర్గీకరణ, డీఎన్ఏ సీక్వెన్సింగ్, గణాంకశాస్త్రం కూడా పట్టు చిక్కేదాకా నేర్చుకోవాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా పీహెచ్‌డీకి వెళ్లమని నేను చెప్పను.

అంతకన్నా ముందు తేల్చుకోవలసింది ఒకటి ఉంది. ఫొటో తీయడం ఈ పనిలో మొదటి పది నిమిషాలే. మిగతాదంతా బల్ల దగ్గర కూర్చుని బ్లేడుతో కోయడం, కొలవడం. అది ఆమెకు నచ్చుతుందా లేదా అన్నదే అసలు పరీక్ష.

ఒక ఉదాహరణ చూడండి. బూడిదరంగు పెచ్చు, దాని మీద అర మిల్లీమీటరు నల్లటి బిళ్లలు (సిద్ధబీజాలు తయారయ్యే భాగాలు). ఇది లెసిడెల్లా ఎలియోక్రోమా అనే లైకెన్ కావచ్చు, అమాండినియా పంక్టాటా కావచ్చు. ఫొటోలో రెండూ ఒకేలా కనిపించవచ్చు. సిద్ధబీజాల కొలతలు కూడా దగ్గర దగ్గరగానే ఉంటాయి. కానీ మొదటిదాని సిద్ధబీజాలకు రంగుండదు, మధ్యలో గోడ ఉండదు. రెండోదాని సిద్ధబీజాలు గోధుమరంగులో, మధ్యలో ఒక గోడతో రెండు గదులుగా ఉంటాయి. పెచ్చు మీద బ్లీచ్ చుక్క వేస్తే మొదటిది నారింజ రంగుకు తిరుగుతుంది, రెండోది మారదు.

ఇక కోత. ఎండిన బిళ్లను కోస్తే పొడిపొడి అవుతుంది. మరీ నానితే బ్లేడు కింద జారిపోతుంది. ఒక చుక్క నీరు వేసి రెండు మూడు నిమిషాలు ఆగి, స్టీరియో మైక్రోస్కోప్ కింద 20 నుంచి 40 రెట్ల పెంపులో, కొత్త బ్లేడుతో నిలువుగా కోయాలి. అంచు ముక్కలు పారేసి నడిమి ముక్కలే ఉంచుకోవాలి. కాంతి దూరి వచ్చేంత పలుచగా లేకపోతే పొరలన్నీ కలిసి నల్లటి ముద్దలా కనిపిస్తాయి. ముందు నీటిలోనే చూసి రంగులు రాసుకోవాలి, ఆ తర్వాతే పొటాషియం హైడ్రాక్సైడ్. ఆస్కస్ (సిద్ధబీజాలు తయారయ్యే సంచి) కొన ఎలా ఉందో, ఎక్కడ నీలం వస్తుందో తెలియాలంటే అయోడిన్ కావాలి. హైడ్రాక్సైడ్‌ను నీటితో సరిగ్గా కడగకుండా అయోడిన్ వేస్తే అయోడిన్ రంగే పోతుంది. కొత్తవాళ్లు దాన్నే 'నీలం రాలేదు' అని రాసేసుకుంటారు.

కొలతకు ఆస్కస్ నుంచి బయటపడిన, బాగా ముదిరిన సిద్ధబీజాలు కనీసం 20 తీసుకోవాలి. లేతవాటిని కొలిస్తే గోడలు ఇంకా ఏర్పడక వేరే ప్రజాతి (జీనస్) దగ్గర తేలతారు. కంటికటకంలోని స్కేలును స్టేజ్ మైక్రోమీటరుతో (కచ్చితమైన కొలత గీతలున్న స్లైడుతో) ఒక్కో ఆబ్జెక్టివ్‌కూ విడిగా సరిచూసుకోవాలి.

రసాయనాల విషయంలో జాగ్రత్త చెప్పి తీరాలి. బ్లీచ్ తాజాగా ఉండాలి. పాతదైతే రంగు రాకపోవడం లైకెన్ గుణం కాదు, సీసా లోపం. తెలిసిన లైకెన్ మీద ముందు పరీక్షించుకుంటే ఆ సందేహం ఉండదు. రంగు పరీక్షలకే వాడే పారాఫినైలీన్‌డైఅమీన్ విషపదార్థం. దాన్ని ల్యాబ్‌లో, గ్లౌజులతో, పర్యవేక్షణలోనే వాడాలి. ఇంట్లో వద్దు. పళ్లేల్లాంటి బిళ్లలే లేని పొడిపొడి పెచ్చులకైతే చాలాసార్లు థిన్ లేయర్ క్రొమటోగ్రఫీ (లైకెన్‌లోని రసాయనాలను విడదీసి చూసే పద్ధతి) లేకుండా పేరు తేలదు.

ఆమెకు ఇష్టమైన నల్లచుక్కల దగ్గరే పొరపాట్లు ఎక్కువ. లైకెన్ల మీద బతికే శిలీంద్రాలు రెండు వేల జాతులకు పైగా తెలుసు. అయినా ప్రతి చుక్కా పరాన్నజీవి కాదు. చాలాసార్లు అది ఆ లైకెన్ సొంత పిక్నీడియమే, అంటే కొనిడియాలనే సూక్ష్మ బీజాలు తయారయ్యే చిన్న తిత్తే. ఉదాహరణకు లెకనోరా అనే లైకెన్ ప్రజాతి సొంత పిక్నీడియంను నలిపితే సన్నటి, రంగులేని దారాల్లాంటి కొనిడియాలు వస్తాయి. అదే లెకనోరా బిళ్ల నల్లబడి, నలిపినప్పుడు చిన్న గుండ్రటి గోధుమరంగు కొనిడియాలు వస్తే లైకెన్ల మీద బతికే శిలీంద్రం లైకెనోకోనియం అని అనుమానించాలి. ఆతిథ్యమిచ్చిన లైకెన్ పేరు తేలకుండా దాని మీది శిలీంద్రం జోలికి వెళ్లకూడదు. ఎందుకంటే వీటిలో చాలా జాతులు ఒక్క ప్రజాతి మీదే పెరుగుతాయి, పేర్లు తేల్చే పట్టికలు కూడా ఆతిథేయితోనే మొదలవుతాయి.

మైక్రోస్కోప్ ఇప్పుడే వద్దు. 10 రెట్ల మంచి భూతద్దం, వీలైతే 20 రెట్లది ఇంకొకటి చాలు. మిగతాది కాలేజీ ల్యాబ్‌లో అనుమతి అడిగి చేసుకోమనండి. రేపు కొనేటప్పుడు 100 రెట్ల ఆయిల్ ఆబ్జెక్టివ్, పోలరైజింగ్ ఫిల్టర్లు పెట్టే వీలు ఉన్నది చూడండి. లెకనోరా బిళ్లల లోపలి స్ఫటికాలు పోలరైజ్డ్ కాంతిలోనే స్పష్టంగా మెరుస్తాయి.

ఆరు నెలలు ఇలా చేయించండి. అనుమతి ఉన్న చోట ఒకే జాతి చెట్ల మీది 20 నమూనాలు. ఒకే ఒక్కటి కనిపిస్తే తీయకూడదు. గోరంత బెరడు చాలు, చెట్టు లోపలి పచ్చి పొర తెగకూడదు. కాగితపు పొట్లంలోనే ఉంచాలి, ప్లాస్టిక్‌లో బూజు పడుతుంది. పొట్లం మీద చెట్టు పేరు, నేల నుంచి ఎత్తు, స్థలం, తేదీ, నంబరు అక్కడికక్కడే రాయాలి. ఒక్కోదానికి కోత బొమ్మ, సిద్ధబీజాల కొలతలు, రంగు పరీక్షల ఫలితాలు ఒక పేజీలో ఉండాలి. తేలనివాటికి 'ప్రజాతి వరకే' అని రాయమనండి. ఊహించి పెట్టిన జాతి పేరు కన్నా అది ఎంతో విలువైనది. ఆరో నెలలో ఆ పొట్లాలను, పేజీలను కలిపి ఒక హెర్బేరియంలోని లైకెన్ నిపుణులకు చూపించాలి. పీజీలో గైడ్‌ను వెతికేటప్పుడు మార్కుల జాబితాతో పాటు ఆ 20 పేజీలను కూడా పంపమనండి.