రోజూ దువ్వుతున్నా చిక్కులు ఎందుకు పడుతున్నాయంటే

రోజూ బ్రష్ చేస్తున్నా మీ గోల్డెన్ రిట్రీవర్ కుక్కకి చెవుల వెనక బొచ్చు ఉండలు కడుతోందని, ఎండాకాలం వస్తోంది కాబట్టి మెషిన్‌తో మొత్తం తీయించేద్దామా అని అడిగారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి.

మాదీ గోల్డెన్ రిట్రీవరే, ఏడేళ్లు. మొదట్లో నేనూ రోజూ దువ్వేదాన్ని. పైకి పట్టులా మెరిసేది. ఒకరోజు ఒళ్లు నిమురుతుంటే చంకలో నిమ్మకాయంత ఉండ చేతికి తగిలింది. అన్నాళ్లూ నా బ్రష్ పైపైనే తిరిగిందన్నమాట. వీటికి రెండు పొరలు: పైన పొడుగాటి వెంట్రుకలు, అడుగున దూదిలాంటి బొచ్చు. ఎక్కువగా రాలేది ఆ దూదే. అది బయటికి రాక పై వెంట్రుకల్లో ఇరుక్కుని చిక్కవుతుంది.

అందుకే పాయలు తీసి దువ్వాలి. పక్కకి పడుకోబెట్టి, ఒక చేత్తో బొచ్చు పైకెత్తి పట్టుకోండి. పాపిడి తీసినట్టు చర్మం గీతలా కనిపించాలి. అక్కడి నుంచి కొద్దికొద్దిగా వదులుతూ, సన్నటి తీగల పళ్లుండే స్లిక్కర్ బ్రష్‌తో కిందికి దువ్వి, అరంగుళం పైన ఇంకో పాపిడి తీయండి. గట్టిగా నొక్కితే ఆ సన్నటి తీగలకు చర్మం ఎర్రగా కందిపోతుంది. చివర్లో స్టీల్ దువ్వెన పెట్టండి. కుదుళ్ల నుంచి కొసదాకా ఆగకుండా జారితేనే అక్కడ పని అయినట్టు. చెవుల వెనక, చంకలు, తొడల వెనక కుచ్చు, కాలర్ కింద తప్పకుండా చూడండి.

ఉండను కత్తెరతో కత్తిరించకండి. నేను ఆ తప్పు చేశాను. ఉండతో పాటు చర్మం కూడా పైకి లేచి వస్తుంది, మనకి కనపడదు. రెండు కుట్లు పడ్డాయి, ఆ రోజు వాడు అరిచిన అరుపు ఇప్పటికీ మర్చిపోలేను. కాస్త కార్న్‌ఫ్లోర్ చల్లి, చర్మం లాగకుండా ఉండ మొదలు వేళ్లతో బిగించి పట్టుకుని, కొసల నుంచి విడదీస్తూ రండి. మరీ అట్టకట్టినా, అడుగున చర్మం ఎర్రగా, తడిగా ఉన్నా డాక్టరుకి చూపించండి.

స్నానానికి ముందే దువ్వాలి. తడిస్తే చిక్కు ఇంకా బిగుసుకుంటుంది. తర్వాత అడుగు పొర దాకా ఆరబెట్టాలి, లోపల తడి ఉండిపోతే పుండ్లు పడతాయి.

ఇక గుండు సంగతి. ఆ బొచ్చు చలి నుంచే కాదు, ఎండ నుంచి కూడా కాపాడుతుంది. మొత్తం తీసేస్తే చర్మం నేరుగా ఎండకి గురవుతుంది. కొన్ని కుక్కలకి మళ్లీ సరిగ్గా రాదు, అతుకులు అతుకులుగా వస్తుంది. రాలిన దూదిని బాగా దువ్వి తీసేస్తే గాలి లోపలికి ఆడుతుంది, వేసవిలో దానికి కావలసింది అదే.

మొదట్లో ఒక్కసారికి పది నిమిషాలు చాలు, మధ్యమధ్యలో ట్రీట్ ఇవ్వండి. ఈ రోజు ఒక చెవి, రేపు ఇంకో చెవి. విసుక్కుంటే అక్కడితో ఆపేయండి.