సైకిలు మీద ఆఫీసు సామాను

ప్రశ్న: మాది పర్లాకిమిడి. గేర్ల సైకిలు మీద ఆఫీసుకెళ్తాను. ల్యాప్‌టాప్, క్యారేజీ, రెయిన్‌కోటు కలిసి ఆరేడు కిలోలు. ముందు బుట్టలో పెడితే హ్యాండిల్ ఊగుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: బుట్టలోని బరువు హ్యాండిల్‌తో పాటే తిరుగుతుంది, ఊగుడు అందుకే. అందులో రెయిన్‌కోటు ఒక్కటీ ఉంచి, మిగతాది వెనక్కి మార్చండి.

వెనక ఇరుసు పక్కన రెండు వైపులా మరబొక్కలున్నాయేమో చూడండి. ఉంటే కింద రెండు, సీటు కింద రెండు బోల్టులతో బిగించే క్యారియర్ కొనండి. సీటు గొట్టానికి మాత్రమే పట్టేది చవకే కానీ, గతుకుల్లో పక్కకి తిరిగిపోతుంది. బోల్టులు సాధారణంగా 5 మి.మీ. మరవి. గేర్ల వైపు పొట్టి బోల్టే వేయించండి. పొడవైతే కొస లోపలికి పొడుచుకొచ్చి, చెయిను చిన్న పళ్లచక్రం మీదికి దిగినప్పుడు గీరుకుంటుంది. స్ప్రింగు వాషర్లు తప్పనిసరి. వారానికి మళ్లీ బిగించండి.

సామాను పెట్టి క్యారియర్ పక్కన వేలాడదీసే సంచిని మడమ తగలనంత వెనక్కి జరపండి. కింద కొక్కెం లేని సంచి ఊగి చువ్వల్లో పడుతుంది. ఒక్కటే అయితే చెయిను లేని ఎడమవైపు వేలాడదీయండి. కాకపోతే స్టాండూ అటే కదా, ఆపినప్పుడు సైకిలు ఒరుగుతుంది. రెండు కాళ్ల స్టాండు మేలు. వానకి జిప్పు సంచిని నమ్మకండి, మూతి చుట్టి మడిచేది తీసుకోండి.