మెచ్చుకున్న చోటు చూపించు

హైదరాబాద్

తమ్ముడూ,

ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ పియానో సంగీతం రికార్డింగ్ మీద నువ్వు రాసి పంపిన సమీక్ష రెండుసార్లు చదివాను. సంగీతం మీద నీకున్న ప్రేమ ప్రతి వాక్యంలోనూ తెలుస్తోంది. కానీ ‘వేళ్లు మీటల మీద నాట్యమాడాయి’, ‘శ్రోతలను ఓలలాడించింది’ అన్న మాటలు తీసుకెళ్లి సితార్ కచేరీకి పెట్టినా అతుకుతాయి, వేణువుకి పెట్టినా అతుకుతాయి. మెచ్చుకోలు ఆ ఒక్క రికార్డింగ్‌కే చెందాలి. ఏ ట్రాక్‌లో, ఎన్నో నిమిషంలో, ఏ చేతిలో ఏం జరిగిందో రాస్తే చదివినవాళ్లు అక్కడికెళ్లి విని నీతో ఔననో కాదనో అనగలుగుతారు.

ముందు వినడం సంగతి. మన ఊళ్లో పగలు హారన్ల మధ్య, నెత్తిమీద ఫ్యాన్ తిరుగుతుండగా విన్నది వినడం కాదు. ఫ్యాన్ రొద మెత్తని స్వరాలన్నిటినీ మింగేస్తుంది. తెల్లవారుజామున విను, తీగ ఉన్న హెడ్‌ఫోన్ పెట్టుకో, ఫోన్‌లో బేస్ పెంచే సెట్టింగ్ ఉంటే తీసెయ్. రెండు రికార్డింగులు పోల్చేటప్పుడు ఒకే చోటు విని రెండింటి వాల్యూమ్ సమానం చెయ్. కొంచెం గట్టిగా మోగేదే మంచిదనిపించడం చెవికి సహజం. ఈ పొరపాటు వల్ల తారుమారైన తీర్పులు చాలా ఉంటాయి.

మొదటిసారి కలం ముట్టకుండా విను. రెండోసారి స్వరలిపి ముందు పెట్టుకో. పాత కృతులవి ఐఎంఎస్ఎల్‌పీ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మూడోసారి గుర్తుపెట్టుకున్న చోట్లు మాత్రం చాలు.

ఇప్పుడు నీ షూబర్ట్. బి ఫ్లాట్ సొనాటా అనే పియానో కృతి, షూబర్ట్ కృతుల జాబితాలో డి 960. 1828 సెప్టెంబర్‌లో పూర్తి చేశాడు, నవంబర్‌లో పోయాడు. దీని మొదటి భాగం ప్రశాంతమైన పాటలా మొదలై, 8వ బార్‌లో (మన తాళపు ఆవర్తనం లాంటి కొలత) ఎడమచేతి అడుగు మీటల మీద ఒక ట్రిల్ దగ్గర ఆగుతుంది. ట్రిల్ అంటే పక్కపక్క స్వరాలు రెండూ గబగబా మార్చి మార్చి మోగడం; ఇక్కడ అవి చాలా మెత్తగా, దూరపు ఉరుములా కదులుతాయి. ఆ తర్వాత నిశ్శబ్దం. స్వరాలను మోగుతూ ఉంచే పెడల్ ఎక్కువ తొక్కితే ఆ ట్రిల్ ముద్దయిపోతుంది, అసలు తొక్కకపోతే ఎండిపోయి టకటకమంటుంది. నీ ‘నాట్యమాడిన వేళ్లు’ కొట్టేసి ఇలా రాసి చూడు: ‘ట్రిల్‌లోని రెండు స్వరాలూ విడివిడిగా తెలుస్తున్నాయి, అయినా గరుకు లేదు, ఆ వెంటనే వచ్చే నిశ్శబ్దంలో ఏ మోతా మిగలనివ్వలేదు.’ నువ్వు విన్నది ఇది కాకపోతే ఏం విన్నావో అదే రాయి.

అదే భాగంలో ఇంకో చోటు ఉంది. మొదటి మూడో వంతు అయ్యాక షూబర్ట్ మళ్లీ మొదటికి వెళ్లమన్నాడు. అలా వెళ్లేందుకు తొమ్మిది బార్లు ప్రత్యేకంగా రాశాడు, అవి ఇంకెక్కడా రావు. అప్పటిదాకా గొణిగిన ట్రిల్ వాటిలోనే ఒక్కసారి పెద్దగా గర్జిస్తుంది. ఆ పునరావృత్తి వదిలేసే పియానిస్టులున్నారు. ఆల్‌ఫ్రెడ్ బ్రెండెల్ అంతటివాడు కూడా వదిలేశాడు. వదిలితే ఈ భాగం పదిహేను నిమిషాల దగ్గర ఆగుతుంది, వాయిస్తే ఇరవై దాకా పోతుంది. నువ్వు నిడివి చూసి ‘నిదానంగా వాయించాడు’ అన్నావు. అది వేగం తేడానో, పునరావృత్తి తేడానో చూడకుండా ఆ మాట అనకూడదు. పియానిస్టు గ్లెన్ గూల్డ్ వాయించిన బాఖ్ ‘గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్’లో మొదట వచ్చే ఆరియా అనే భాగం సంగతి వేరు. 1955 రికార్డింగులో రెండు నిమిషాల లోపు, 1981 రికార్డింగులో మూడు దాటింది, రెంటిలోనూ పునరావృత్తి లేదు. అక్కడ నిడివే వేగం చెబుతుంది.

కర్ణాటక సంగీతం మాటలు వాడతావు, మంచిదే. శ్రుతి, కాలప్రమాణం, మంద్రస్థాయి హాయిగా వాడు. గమకం మాత్రం వద్దు. పియానోలో రెండు మీటల మధ్య స్వరమే లేదు, జారడానికి దారి లేదు. పైగా మీట నొక్కిన క్షణం నుంచే స్వరం సన్నగిల్లిపోతుంటుంది. అయినా పాట తెగకుండా వినిపించిందంటే, తగ్గిపోతున్న స్వరం ఏ స్థాయికి వచ్చిందో విని తర్వాతిది సరిగ్గా ఆ స్థాయి నుంచే ఎత్తుకున్నాడన్నమాట. ‘పియానో పాడింది’ అనాలనిపిస్తే ఇది ఎక్కడ జరిగిందో చెప్పు.

క్వైర్ (బృందగానం) రికార్డింగులకి మన చెవిని కొంచెం సరిచేసుకోవాలి. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కనుక చివరి హల్లు మీద మనకి దృష్టి ఉండదు. లాటిన్‌లో ‘దోనా నోబిస్ పాచెమ్’ అన్నప్పుడు ‘నోబిస్’ చివరి సకారం నలభైమంది ఒకే క్షణంలో పలకాలి. తలా ఒకప్పుడు పలికితే నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలాడుతుంది. ‘పాచెమ్’ మకారం మీద పెదవులు ఎప్పుడు మూశారో విను. శిక్షణ అక్కడ తెలుస్తుంది.

వాద్యం లేకుండా పాడే బృందం శ్రుతి దిగిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఫోన్‌లో తంబూర యాప్ ఉందిగా. మొదటి స్వరానికి పెట్టుకో, ఆ భాగం అయ్యాక చివరి స్వరంతో పోల్చు. రష్యా స్వరకర్త రఖ్మానినోవ్ ‘ఆల్ నైట్ విజిల్’ (రాత్రి జాగారపు ప్రార్థన) అయిదో భాగం చివర బేస్ గొంతులు, అంటే అడుగు స్థాయి మగ గొంతులు, మెట్టుమెట్టుగా దిగి కింది బి ఫ్లాట్ మీద నిలుస్తాయి. అది 58 హెర్ట్జ్ (సెకనుకి 58 కంపనాలు) దగ్గర ఉంటుంది. అక్కడ స్వరం నిజంగా ఉందా, ఊపిరి శబ్దం మాత్రమే ఉందా? ఉంటే మనసారా మెచ్చుకో, అది అరుదైన సంగతి. ఎంతమంది పాడారో కూడా రాయి. సంగీత నిర్వాహకుడు జాషువా రిఫ్‌కిన్ బాఖ్ బి మైనర్ మాస్ అనే చర్చి ప్రార్థనా కృతిని ఒక్కో గొంతు వరసకి ఒక్క గాయకుడితోనే రికార్డు చేశాడు. దానిలో పెద్ద బృందం గాంభీర్యం వెతికి లేదనడం అన్యాయం.

ఆర్గన్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. మన చర్చిల్లో ఎలక్ట్రానిక్ కీబోర్డునీ ఆర్గన్ అనే అంటారు కనుక నువ్వు చెప్పేది గాలితో మోగే పైప్ ఆర్గన్ అని మొదటే చెప్పు. ‘మృదువైన స్పర్శ’ అని రాయకు. మీటని మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా పైపు మోత బలం ఒక్కటే. హెచ్చుతగ్గులు ఏ పైపులు మోగాలో ఎంచే స్టాపులు అనే పిడులు లాగి మూయడంలో, పైపులున్న పెట్టె తలుపులు తెరిచి మూయడంలో వస్తాయి. వాదకుడి కళంతా స్వరాన్ని ఎంతసేపు ఉంచాడు, తర్వాతిదానికి ముందు ఎంత ఎడం ఇచ్చాడు అన్నదాంట్లో ఉంటుంది. ఆ ఎడం భవనాన్ని బట్టి మారాలి. కుతుబ్ షాహీ సమాధుల్లో ఒక గుమ్మటం కింద నిలబడి ఒక్క చప్పట కొట్టు, మోత ఆగేదాకా లెక్కపెట్టు. అలాంటి చోట వేగంగా వాయిస్తే ఏమవుతుందో నీకే తెలుస్తుంది. అందుకే రికార్డింగ్ ఏ చర్చిలో చేశారో, మైకులు దగ్గర పెట్టారో దూరం పెట్టారో రాయకపోతే ఆర్గన్ సమీక్ష సగమే. దగ్గరైతే లోపలి కడ్డీల చప్పుడు వినిపిస్తుంది, దూరమైతే స్వరాలు కలిసిపోతాయి.

ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకు. బాఖ్ సి మైనర్ పస్సకాల్యా అనే ఆర్గన్ కృతి మొదటి ఎనిమిది బార్లు కాళ్లతో వాయించే పెడల్ మీద ఒంటరిగా వస్తాయి. ఆ మీద వచ్చే ఇరవై రూపాలకీ పునాది అదే. పదహారు అడుగుల పైపు అట్టడుగు స్వరం 33 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అరచేతిలో పట్టే స్పీకర్ దాన్ని పలకలేదు. అక్కడ విని ‘ఆరంభం బలహీనం’ అని రాస్తే తప్పు నీ ఫోన్‌ది, పేరు వాదకుడిది పోతుంది.

షూబర్ట్ సమీక్ష మళ్లీ రాసేముందు ఆ తొమ్మిది బార్లు నీ రికార్డింగ్‌లో ఉన్నాయో లేవో చూడు. ఉంటే ఆ ట్రిల్ ఎన్నో నిమిషంలో గర్జించిందో సెకన్లతో సహా వేసి పంపు.

శుభాకాంక్షలతో,
మీ అన్నయ్య