మీ నాన్నగారి గురించి మీరు ఏ సలహా అడగలేదు

ఉత్తరం:

అమ్మా, నా వయసు 45. సియాటిల్ పక్కన బోతెల్‌లో ఉంటాం. ఇక్కడికొచ్చి పద్దెనిమిదేళ్ళయింది. క్రికెట్ తర్వాత నేను మనసు పెట్టిన ఆట బేస్‌బాల్, మనసు పెట్టిన జట్టు సియాటిల్ మారినర్స్. 1977లో మొదలైన ఈ జట్టు ఇంతవరకూ ఒక్కసారి కూడా వరల్డ్ సిరీస్, అంటే ఈ ఆటలో ఫైనల్, ఆడలేదు. మేజర్ లీగ్‌లో ఉన్న 30 జట్లలో అలాంటిది ఇదొక్కటే. ఈ 2025 అక్టోబర్‌లో ఇంకొక్క మ్యాచ్ గెలిస్తే ఆ ఫైనల్‌కి చేరతామన్నంత వరకు వచ్చాం. 20వ తేదీన, దీపావళి రోజే, టొరంటో జట్టుతో వాళ్ళ ఊళ్ళోనే ఏడో మ్యాచ్, అదే ఆఖరిది. 3-1తో మేమే ముందున్నాం. ఏడో ఇన్నింగ్స్‌లో వాళ్ళ జార్జ్ స్ప్రింగర్ ఒక్క హోమ్ రన్‌తో (మన సిక్సర్ లాంటిది) మూడు పరుగులు లాగేశాడు. 4-3తో ఓడిపోయాం. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. అర్ధరాత్రి లేచి ఆ క్లిప్పే చూస్తున్నాను.

మా నాన్న జూన్‌లో వచ్చారు, డిసెంబర్ మొదటి వారంలో వెళ్ళిపోతారు. 74 ఏళ్ళు, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. అమ్మ పోయి రెండేళ్ళు. ఆయనకు మొదటి నుంచీ ఆటలంటే పడదు. 1996 వరల్డ్ కప్ సెమీఫైనల్లో కాంబ్లీ ఏడుస్తూ వెళ్తుంటే నేనూ ఏడ్చాను. అప్పుడు నాన్న టీవీ కట్టేసి, "వాడు ఏడిస్తే వాడికి డబ్బులొస్తాయి, నువ్వేడిస్తే నీకేమొస్తుందిరా" అన్నారు. ఈసారి డెట్రాయిట్‌తో 15 ఇన్నింగ్స్ ఆడిన రోజు మాత్రం మాతోపాటు రాత్రి పదింటిదాకా కూర్చున్నారు, "ఇదెన్నో ఓవరు" అని అడుగుతూ, పాత నోటుపుస్తకంలో ఏవో లెక్కలు రాసుకుంటూ. దీపావళి రోజు సరిగ్గా స్ప్రింగర్ బ్యాట్ పట్టుకుని నిలబడ్డప్పుడు వచ్చి, దీపాలు ఎప్పుడు పెడదామని అడిగారు. అప్పటికే ప్రమిదల్లో నూనె పోసి కూర్చున్నారని మా ఆవిడ తర్వాత చెప్పింది. బంతి గోడ దాటగానే కోపం ఆగక, "మీరొచ్చి నిలబడ్డారు, పోయింది" అనేశాను. ఆ రోజు నుంచి ఆయన హాల్లోకి రావడం లేదు. మా ఆవిడ సర్ది చెబుతోంది. మొన్న పన్నెండేళ్ళ మా అబ్బాయి తన స్కూల్ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి "తాతయ్య వద్దు, ఓడిపోతాం" అన్నాడు. వాడికీ ఆటల పిచ్చి ఎక్కువైందేమోనని దిగులు.

ఈ ఓటమిని ఎలా మర్చిపోవాలి? అసలు ఈ ఆట చూడటమే మానేయాలా?

జవాబు:

ముందు మీరు అడిగినదానికి చెప్పేస్తాను. ఆట మానేయనక్కర్లేదు. మానలేరు కూడా. ఫిబ్రవరిలో అరిజోనాలో మీ జట్టు ప్రాక్టీసు మొదలవగానే మళ్ళీ టీవీ ముందు కూర్చుంటారు, కూర్చోండి. అర్ధరాత్రి లేచి ఒంటరిగా క్లిప్పులు చూడటం మాత్రం ఈ రోజు నుంచే ఆపండి, ఫోను వేరే గదిలో పెట్టి పడుకోండి. ఇంకో రెండు వారాలకి కూడా నిద్ర దారిలో పడకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆ సమయంలో బంతి విసరడానికి బజార్డోని కాకుండా మున్యోజ్‌ని దింపి ఉంటే గెలిచేవాళ్ళమని మీరు పేజీన్నర రాశారు. అదంతా ఇక్కడ వేయలేదు. ఆ నిర్ణయం మేనేజర్ డాన్ విల్సన్‌ది, దాని బరువు ఆయన మోస్తాడు.

ఆటకి బాధపడటం చిన్నతనమని నేను అనను. మా అన్నయ్య కొడుకు కూడా మీ వైపే ఉంటాడు. మీ ఉత్తరం చదివాక వాడికి ఫోన్ చేసి ఈ ఆట సంగతి అడిగాను. గంటసేపు చెప్పాడు, చెబుతూ చెబుతూ మధ్యలో గొంతు పట్టేసి ఆగిపోయాడు. 2001లో 116 మ్యాచ్‌లు గెలిచి కూడా మీ జట్టు వరల్డ్ సిరీస్‌కి వెళ్ళలేకపోయిందట. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా ప్లేఆఫ్స్ మొహమే చూడలేదట. ఈ ఏడు మీ జట్టులో క్యాల్ రాలీ 60 హోమ్ రన్‌లు కొట్టాడు. టొరంటోతో అయిదో మ్యాచ్‌లో మీ సువారెజ్ కొట్టిన దెబ్బకి నాలుగు పరుగులు వచ్చినప్పుడు, ఇక ఈసారి ఖాయమని ఊరు ఊరంతా నమ్మిందని చెప్పాడు. మార్చి చివరి నుంచి సెప్టెంబర్ చివరిదాకా 162 మ్యాచ్‌లు. అంటే దాదాపు రోజూ. రోజూ సాయంత్రం మీ ఇంటికొచ్చి కూర్చునే మనిషి ఉన్నట్టుండి రావడం మానేస్తే ఇల్లు బోసిపోతుంది. మీకు జరిగింది అదే. మిమ్మల్ని ఓడించిన టొరంటో వాళ్ళకీ పన్నెండు రోజులకి అదే గతి పట్టింది. నవంబర్ 1న, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇంకో ఇద్దర్ని అవుట్ చేస్తే వరల్డ్ సిరీస్ కప్పు వాళ్ళదే అనుకున్న చోట లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ స్కోరు సమం చేసి, పదకొండో ఇన్నింగ్స్‌లో గెలిచేశారు. టొరంటోలోనూ మన తెలుగు ఇళ్ళున్నాయి. అక్కడా ఎవరో మీలాగే నిద్ర లేకుండా ఉండి ఉంటారు. ఆ దుఃఖం నిజమైనదే, దానికి సిగ్గుపడకండి. అది నెమ్మదిగా తగ్గుతుంది.

అయితే మీ ఇంట్లో హాల్లోకి రావడం మానేసిన మనిషి ఇంకొకరున్నారు. ఆయన గురించి మీరు ఏ సలహా అడగలేదు.

"మీరొచ్చి నిలబడ్డారు, పోయింది." మన ఇళ్ళల్లో ఈ మాట ఎవరిని అంటారో మీకు తెలుసు. మీరది ఎవరిని అన్నారో ఒకసారి చూసుకోండి. భార్య పోయి రెండేళ్ళయిన మనిషిని, పండగ పూట, కొడుకు ఇంట్లో, మనవడి ముందు అన్నారు. అక్టోబర్‌లో మీ ఊళ్ళో ఆరు దాటగానే పొద్దుగూకుతుంది. స్ప్రింగర్ బ్యాట్ పట్టుకునేసరికి ఏడు దాటి ఉంటుంది. అంటే ఆయన ప్రమిదలు సిద్ధం చేసుకుని గంటకు పైగా మీ ఆట అయ్యేదాకా ఆగారు. మీ అమ్మగారు ఉన్నన్నాళ్ళూ ఆ దీపాలు ఆవిడే పెట్టి ఉంటారు. ఇప్పుడా పని ఆయన చేతికి వచ్చింది. ఆ రాత్రి మీ గుమ్మంలో దీపాలు వెలిగాయో లేదో మీరు రాయలేదు. నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా బాధ కలిగించింది అదే.

ఆ మాట ఎంత దూరం వెళ్ళిందో మీ అబ్బాయి మీకు చెప్పాడు. తాతయ్య వస్తే ఓడిపోతామని వాడంతట వాడికి ఎలా తోస్తుంది? ఆటల పిచ్చితో అన్న మాట కాదది. మీ దగ్గర నేర్చుకున్న మాట. పన్నెండేళ్ళ పిల్లాడు తండ్రి చెప్పింది వినడు కానీ తండ్రి అన్నది మాత్రం పట్టుకుంటాడు. వాడి గురించి వేరే దిగులు పెట్టుకోకండి. మీరు సరిదిద్దుకుంటే వాడూ సరిదిద్దుకుంటాడు.

మీ నాన్నగారు చేసిందంతా ఒప్పని నేను చెప్పను. పెద్దవాళ్ళు ఏం చేసినా చెల్లుతుందనే రకం కాదు నేను. 1996 మార్చి 13న ఆయన చేసింది తప్పే. పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయనే భయం ఉండవచ్చు, రేపు తెల్లవారుజామున డ్యూటీ ఉండి ఉండవచ్చు. అయినా ఏడుస్తున్న పిల్లాడికి డబ్బు లెక్క చెప్పకూడదు. 98కి ఒక్క వికెట్టే పోయిన జట్టు 120కి ఎనిమిది వికెట్లు పోగొట్టుకుంది. ఈడెన్ గార్డెన్స్‌లో జనం సీసాలు విసిరి మంటలు పెట్టారు, చివరికి మ్యాచ్ ఆపేసి శ్రీలంకకి ఇచ్చేశారు. ఆ రాత్రి మా ఇంట్లోనూ ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. ఆ పూట తండ్రి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యేసి ఉంటే మీరది జన్మంతా గుర్తుపెట్టుకునేవారు. వెయ్యలేదు కాబట్టి ఇదీ జన్మంతా గుర్తుంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా లోపల దాచుకున్న కోపం, దీపాల గురించి అడగడానికి వచ్చిన ముసలాయన మీద పడిందని నాకనిపిస్తోంది.

అక్టోబర్ 10 రాత్రి ఏం జరిగిందో మీరు సరిగ్గా చూసుకోలేదు. ఆ డెట్రాయిట్ మ్యాచ్ దాదాపు అయిదు గంటలు నడిచిందట. ఆటలంటే పడని మనిషి, నియమం ఒక్కటీ తెలియని ఆటని, భాష అర్థం కాని కామెంటరీతో, 74 ఏళ్ళ నడుముతో అయిదు గంటలు ఎందుకు చూశారు? మీ పక్కన కూర్చోవడానికి చూశారు. 1996లో చెయ్యాల్సిన పని ఇప్పుడు చేశారు. ఆలస్యంగానే, అయినా చేశారు. మీరు "ఏవో లెక్కలు" అని కొట్టిపారేసిన ఆ రాతలేమిటో ఒక్కసారైనా అడిగారా? జీవితమంతా టిక్కెట్ల లెక్క రాసిన మనిషి ఆయన. లెక్కలో తేడా వస్తే జేబులోంచి కట్టాల్సిన ఉద్యోగం. అర్థం కానిదాన్ని అర్థం చేసుకోవడానికి ఆయనకు తెలిసిన దారి కాగితం మీద రాసుకోవడం. బేస్‌బాల్‌లో ఆట సాగే తీరునంతా పెన్సిల్‌తో రాసుకునే అలవాటు పాత తరం వాళ్ళకి ఉండేదని, తండ్రులు అది పిల్లలకి నేర్పేవారని మా మేనల్లుడు చెప్పాడు. మీ ఇంట్లో ఆ పని ఎవరూ నేర్పకుండానే మొదలైంది.

ఈ ఆట మీద ప్రాణం పెట్టుకున్న ఊళ్ళ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. 2004లో బోస్టన్ 86 ఏళ్ళ తర్వాత గెలిచినప్పుడు, ఆ రోజు కోసం ఎదురుచూసి చూసి పోయిన తండ్రుల సమాధుల దగ్గరికి కొడుకులు వెళ్ళారు. 2016లో చికాగో కబ్స్ 108 ఏళ్ళకి గెలిస్తే వాళ్ళ మైదానం రిగ్లీ ఫీల్డ్ గోడల నిండా జనం సుద్దముక్కలతో పేర్లు రాశారు. చూడకుండా పోయిన నాన్నల పేర్లు, తాతల పేర్లు. మీ మారినర్స్ కూడా ఏదో ఒక ఏడు గెలుస్తారు. ఆ రోజు మీకూ ఎవరి పేరో రాయాలనిపిస్తుంది. ఆ మనిషి ఇప్పుడు పక్క గదిలో తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నారు.

తెనాలిలోనో ఒంగోలులోనో అయితే, కొడుకు ఒక మాటంటే చెప్పులేసుకుని వీధి చివర టీ కొట్టుదాకా వెళ్ళి, నలుగురితో మాట్లాడి, గంట తర్వాత తిరిగొచ్చేవారు. బోతెల్‌లో ఎక్కడికి వెళ్తారు? కారు నడపరు. నవంబర్‌లో అక్కడ సాయంత్రం అయిదు కాకముందే చీకటి, వాన. కోపం వస్తే లేచి వెళ్ళిపోయే చోటు కూడా లేని మనిషిని అలా వదిలేసి, మీ ఆవిడ సర్ది చెబుతోందని రాశారు. ఆవిడ ఏమని సర్దుతుంది? అన్నది మీరు. కోడలు చెప్పే క్షమాపణ కోడలి మంచితనం అవుతుంది కానీ కొడుకు క్షమాపణ కాదు. ఆవిడని ఆ పని నుంచి తప్పించండి.

ఈ వారంలోనే మీరే వెళ్ళండి. మీ అబ్బాయి ముందు అన్నారు కాబట్టి మీ అబ్బాయి ముందే చెప్పండి. చుట్టూ తిప్పకుండా, "నాన్నా, ఆ రోజు నేనన్న మాట తప్పు, మీ వల్ల ఏదీ పోలేదు" అనండి. "టెన్షన్‌లో ఉన్నాను", "మీరు కూడా అదే టైంలో..." అనే మాటలు కలపకండి. ఆయన "పర్లేదులేరా" అంటారు. అది విని లేచి వచ్చేయకండి. మన నాన్నలు మాట ముగించడానికి వాడే మాట అది. అక్కడే కూర్చోండి, కాసేపు ఏమీ మాట్లాడకపోయినా ఫర్వాలేదు. 1996 సంగతి కూడా ఆయనకు చెప్పాలి, తప్పకుండా చెప్పండి, కానీ ఆ రోజు కాదు. క్షమాపణలో ఫిర్యాదు కలిస్తే రెండూ పాడవుతాయి. ఆయన వెళ్ళేలోగా ఏదో ఒక మధ్యాహ్నం, ఇద్దరూ ఉన్నప్పుడు చెప్పండి.

నా చదువు విషయంలో మాట వచ్చి మా నాన్నగారితో నేను ఏడాదిన్నర మాట్లాడలేదు. చివరికి ఆయనే ముందు పలకరించారు. ఎన్నేళ్ళు గడిచినా నాకది గుచ్చుకుంటూనే ఉంది, నేను పలకరించాల్సింది. ఆ అవకాశం మీకింకా ఉంది.

మీ అబ్బాయి తర్వాతి మ్యాచ్‌కి తాతయ్యని తీసుకెళ్ళండి. మీ పక్క కుర్చీలోనే కూర్చోబెట్టుకోండి. ఓడిపోతే ఓడిపోతారు.

ఆ నోటుపుస్తకం కూడా అడగండి. అక్టోబర్ 20 పేజీ ఉందేమో చూడండి. ఉంటే, దీపాల కోసం లేచిన చోట ఆగిపోయి ఉంటుంది. ఒక ఆదివారం పొద్దున్నే ముగ్గురూ కూర్చుని మిగతా ఆట పెట్టుకోండి. స్ప్రింగర్ దగ్గర మొదలుపెట్టి, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మీ హూలియో రోడ్రిగెజ్ ఆఖరి వాడిగా అవుటయ్యేదాకా. మీరు చెప్పండి, ఆయన రాస్తారు. మధ్యలో ఆయన "ఇదెన్నో ఓవరు" అని అడిగితే, ఎన్నో చెప్పండి.