ఫెర్రమెంతాకి వెళ్లేముందు

చిన్నా,

బొలోన్యాలో నీ గదిలో వాష్‌బేసిన్ కొళాయి కారుతోందని, ఫెర్రమెంతా, అంటే ఇనప సామాన్ల దుకాణం దాకా వెళ్లి ఇటాలియన్‌లో ఏమడగాలో తెలియక తిరిగొచ్చేశావని మీ అమ్మ చెప్పింది. దానికి అంత టెన్షన్ ఎందుకురా? వచ్చిన కొత్తలో నేను ఒక్క రబ్బరు వాషర్ కోసం మూడుసార్లు తిరిగాను. వేళ్లతో గుండ్రంగా చూపిస్తే దుకాణం పెద్దాయన బల్లమీద గుప్పెడు రకాలు పోశాడు. ఉజ్జాయింపుగా ఒకటి తెచ్చాను, పట్టలేదు. ఇంకోటి తెచ్చాను, అదీ పట్టలేదు. మూడోసారి పాత వాషర్‌నే జేబులో వేసుకెళ్లి బల్లమీద పెట్టాను. ఆయన దాన్ని తన చిటికెన వేలికి తొడిగి చూసి, డబ్బాలోంచి సరిగ్గా అలాంటిదే తీశాడు. ఇరవై సెంట్లు.

కాబట్టి ముందు ఆ పాడైన ముక్క పట్టుకెళ్లు. అక్కడ అనాల్సింది "కోమె క్వేస్తో", అంటే ఇలాంటిదే అని. వాషర్‌ని గ్వర్నిత్సియోనె అంటారు. కింద ఉండే వంగే పైపు ఫ్లెస్సీబిలె. అది కొనేటప్పుడు "మాస్కియో ఓ ఫెమ్మినా?" అని అడిగితే కంగారు పడకు, మర బయటికుందా లోపలికుందా అని. మగా ఆడా అన్నమాట! సైజు అంగుళాల్లో చెబుతారు, మెజ్జో పోల్లిచె అంటే అరంగుళం.

లోపలికి అడుగుపెట్టగానే "బువోన్ జోర్నో" అను. అది లేకుండా పని మొదలుపెడితే మర్యాద తెలియనివాడనుకుంటారు. మనం "కావాలి" అన్నట్టు "వోల్యో" అనేస్తాం, వాళ్లకది దబాయింపులా ఉంటుంది. "మి సెర్వె" అను, నాకు అవసరం అని. నాలుగు కావాలంటే "మె నె సేర్వొనొ క్వాత్రొ".

పలకడం మనకు తేలికే. వాళ్ల త, ద మన తకారం, దకారమే. ఇంగ్లిషు ట, డ పెట్టకు. స్క్రూ వీతె, నట్టు దాదో, మేకు కియోదో. ఒత్తులు మాత్రం మింగకు: కాసా అంటే ఇల్లు, కాస్సా అంటే డబ్బు కట్టే చోటు.

ఎప్పుడైనా గోడకి ఏదైనా తగిలించాలంటే స్క్రూకి ముందు దూర్చే ప్లాస్టిక్ ముక్క కావాలి. తస్సెల్లో అంటారు, చాలామంది బ్రాండు పేరుతో ఫిషర్ అనే అంటారు. "మూరో ఓ కార్తొన్‌జెస్సో?" అని తప్పక అడుగుతాడు. ఇటుక గోడా, జిప్సం బోర్డా అని. వెళ్లేముందే గోడని తట్టి చూసుకో. నేను చూసుకోకుండా ఇటుక గోడకి వాడేవి బోర్డుకి కొట్టాను. అర్ధరాత్రి కర్టెన్ కడ్డీ నా మంచం మీదే పడింది. తస్సెల్లి ద సేయి కొంటే డ్రిల్ బిట్ కూడా ఆరు మిల్లీమీటర్లదే తీసుకో: పుంతా ద సేయి.

డబ్బులిచ్చేముందు "సె నోన్ వా బేనె, పొస్సో కంబ్యార్లొ?" అని అడుగు. సరిపోకపోతే మార్చుకోవచ్చా అని. అందుకు స్కొంత్రీనో, అదే బిల్లు చీటీ, దాచుకో.

మధ్యాహ్నం వెళ్లకు. చిన్న దుకాణాలు పన్నెండున్నర, ఒంటిగంటకి మూసి మూడు దాటాకే తెరుస్తాయి. ఆదివారం సెలవు. ఆగస్టు నడిమధ్యలో అయితే షట్టరు మీద "కియూసో పెర్ ఫేరియె", అంటే సెలవులకి మూశాం అన్న కాగితమే కనిపిస్తుంది.

కొళాయి విప్పేముందు బేసిన్ కింది వాల్వు కట్టెయ్యి. అది తిరగకపోతే బలవంతం చేయకు, నాకు ఫోన్ చెయ్యి.

బాబాయి