కొత్త ప్రాసెసర్ కోసం ఆగాలా, ఇప్పుడే మార్చాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో "ఫలానా చిప్ వస్తోందట, ఆగమంటారా?" అన్నవే ఎక్కువ. అందుకే శీర్షిక మొత్తం డెస్క్‌టాప్ ప్రాసెసర్లకే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నా డెస్క్‌టాప్‌లో కోర్ ఐ5-8400 ఉంది. ర్యామ్ 16 జీబీ డీడీఆర్4. వీడియో ఎడిటింగ్ చేస్తాను. కొత్త కెమెరా కొన్నప్పటి నుంచి టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తోంది. మారుద్దామనుకున్న ప్రతిసారీ తర్వాతి తరం వస్తోందని విని ఆగిపోతున్నాను. ఇప్పుడేమో ఇంటెల్ నోవా లేక్, ఏఎండీ జెన్ 6 అంటున్నారు. ఇంకొంతకాలం ఆగితే మంచిదా?

జవాబు: "కొత్త కెమెరా కొన్నప్పటి నుంచి" అన్నారు చూడండి, అసలు విషయం అక్కడుంది. మీ ప్రాసెసర్ ఎప్పటిలాగే పనిచేస్తోంది, దాని ముందుకొచ్చే ఫైలే మారింది. ఇప్పటి కెమెరాలు చాలా వాటిలో హెచ్‌ఈవీసీ 10-బిట్, 4:2:2 రకం రికార్డింగ్ (రంగుల వివరం ఎక్కువగా ఉంచుతూనే ఫైలుని బాగా కుదించే పద్ధతి) ఉంటుంది. దాన్ని విప్పే ప్రత్యేక సర్క్యూట్ మీ 8వ తరం చిప్‌లో లేదు. దాంతో పనంతా ఆరు కోర్ల నెత్తిన పడుతుంది. 11వ తరం నుంచి ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లలోని గ్రాఫిక్స్ భాగం ఆ పని చేస్తుంది. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ కార్డులూ చేస్తాయి.

ఏదైనా కొనే ముందు ఇది నిజమో కాదో తేల్చుకోండి. టైమ్‌లైన్‌లో ఒకే ఒక్క క్లిప్ వేసి, ఎఫెక్టులేమీ పెట్టకుండా ప్లే చేయండి. టాస్క్ మేనేజర్ తెరిచి, సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి, లాజికల్ ప్రాసెసర్లు విడివిడిగా కనబడేలా మార్చండి. ఆరు గడులూ నిండుగా ఉంటే నేను చెప్పిందే కారణం. తర్వాత సాఫ్ట్‌వేర్‌లోనే అదే క్లిప్‌కి ప్రాక్సీ, అంటే తేలికపాటి నకలు తయారుచేసి మళ్లీ ప్లే చేయండి. సాఫీగా నడిచిందంటే మీకు తొందర లేదు, ఎన్నాళ్లయినా ఆగొచ్చు. మీ 8వ తరం చిప్ విండోస్ 11కి అర్హత ఉన్నదే కాబట్టి అటునుంచీ ఒత్తిడి లేదు.

ఇక ఆగడం సంగతి. అమ్మకం తేదీ ప్రకటించేసి, సమీక్షకుల చేతికి కూడా వెళ్లిన చిప్ కోసం కొన్ని వారాలు ఆగమని నేనే చెబుతాను. కంపెనీ రోడ్‌మ్యాప్‌లో, అంటే ముందు ముందు తెస్తామని చెప్పే జాబితాలో మాత్రమే ఉన్నదాని కోసం పని మానుకుని కూర్చోవద్దు. నోవా లేక్ 2026 ఆఖర్లో అని ఇంటెల్ చెప్పింది. అది కంపెనీ మాటే కాబట్టి లీకుల కంటే నమ్మదగినదే. కానీ రోడ్‌మ్యాప్‌లు ఎంత దూరం జారగలవో ఈ రంగంలో ఉన్నవాళ్లం చూశాం. 2016కల్లా అనుకున్న ఇంటెల్ 10 నానోమీటర్ చిప్ తయారీ టెక్నాలజీ డెస్క్‌టాప్‌కి చేరేసరికి 2021 నవంబరు వచ్చింది, అదీ 'ఇంటెల్ 7' అని పేరు మార్చుకుని, 12వ తరంతో. ఈలోపు ఇంటెల్ డెస్క్‌టాప్ అంతా 14 నానోమీటర్ల మీదే నడిచింది. దీనికి పూర్తిగా తిరగబడిన సందర్భమూ ఉంది. 2015 జూన్‌లో బ్రాడ్‌వెల్ ఐ7-5775సీ వచ్చింది. ఆగస్టులోనే స్కైలేక్ ఐ7-6700కే కొత్త సాకెట్‌తో (బోర్డు మీద చిప్ కూర్చునే గూడు) దిగింది. జూన్‌లో కొత్త బోర్డుతో సహా కొన్నవాళ్లకు ఆ బోర్డు మీద ముందుకు వెళ్లే దారి రెండు నెలల్లో మూసుకుపోయింది.

వచ్చిన చిప్ మొదటి రోజునే బాగుంటుందనీ లేదు. 2024 అక్టోబరులో వచ్చిన కోర్ అల్ట్రా 9 285కే చాలా గేముల్లో అంతకుముందు తరం 14900కే కంటే వెనకబడింది. డిసెంబరులో ఇంటెల్ దిద్దుబాట్లు ఇవ్వాల్సి వచ్చింది. కాబట్టి ఆగినా, విడుదలయ్యాక బయాస్‌లు (బోర్డుని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) కుదురుకునేందుకు మరో రెండు మూడు నెలలు కలుపుకుని లెక్కేసుకోండి.

ప్రాక్సీలతో మీ పని జరగట్లేదు, గడువులు తప్పుతున్నాయి అంటే ఆగొద్దు. ఇక్కడ ర్యామ్ విషయం చాలా ముఖ్యం. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 ఆఖర్లో మెమరీ ధరలు బాగా పెరిగాయి. మైక్రాన్ లాంటి సంస్థే క్రూషియల్ పేరుతో మామూలు వినియోగదారులకు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఏఎండీ సాకెట్ ఏఎం5 అయినా, ఇంటెల్ కోర్ అల్ట్రా 200 డెస్క్‌టాప్ అయినా డీడీఆర్5 కావాల్సిందే. ఇంటెల్ 12 నుంచి 14 తరాల సాకెట్ ఎల్‌జీఏ 1700 ఉన్న బోర్డుల్లో మాత్రం డీడీఆర్4 తీసుకునేవి ఉన్నాయి. మీ దగ్గరున్న ర్యామ్ అందులో పనికొస్తుంది. అలాంటి బోర్డు, ఐ5-14500 లాంటి చిప్ చూడండి. పేరు చివర 'ఎఫ్' ఉన్నవి పొరపాటున కూడా తీసుకోకండి, వాటిలో గ్రాఫిక్స్ భాగం పనిచేయదు, మీరు మారేదే దానికోసం. ఆ సాకెట్‌కి 14వ తరమే ఆఖరు, ఇక ముందుకు దారి లేదు. మామూలుగా అలాంటి బోర్డు నేను సిఫారసు చేయను. మీకు చేస్తున్నాను, ఎందుకంటే మీకు కావాల్సింది ఈ నెల పని పూర్తవడం.

ప్రశ్న: బీ450 బోర్డు మీద రైజెన్ 5 3600 వాడుతున్నాను. గేములు, కొద్దిగా ప్రోగ్రామింగ్. స్నేహితులంతా ఏఎం5కి మారిపొమ్మంటున్నారు. పాత బోర్డు ఇక పనికిరాదా మేడమ్?

జవాబు: భేషుగ్గా పనికొస్తుంది! నేను వాడేది మీలాగే ఏఎం4 సాకెట్ ఉన్న, 2017 నాటి బీ350 బోర్డు. మొదట్లో దాని మీద రైజెన్ 5 1600 ఉండేది, ఇప్పుడు 5700ఎక్స్3డి ఉంది. బోర్డు అదే, పవర్ సప్లై అదే. అప్‌గ్రేడ్ అంటే నా దృష్టిలో ఇదే. చిప్ కొత్తదనం కంటే బోర్డుకి ఇంకా ఎంత ఆయుష్షు ఉందో ముందు చూడాలని నేను అందరికీ చెప్పేది అందుకే.

మీ 3600లో ఎల్3 క్యాష్ (చిప్‌లోనే ఉండే వేగమైన చిన్న మెమరీ) 32 ఎంబీ, అదీ రెండు సగాలుగా చీలి ఉంటుంది. ఎక్స్3డి చిప్‌లలో ఎనిమిది కోర్లకూ కలిపి 96 ఎంబీ. గేము ప్రతి ఫ్రేముకీ చిన్న చిన్న సమాచారం వందల చోట్ల నుంచి తెచ్చుకుంటుంది. అది క్యాష్‌లోనే దొరికితే ర్యామ్ దాకా వెళ్లి ఎదురుచూడాల్సిన పని ఉండదు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 5800ఎక్స్3డి గేముల్లో తనకంటే కొత్త చిప్‌లతో పోటీ పడగలిగింది అందుకే. ఇవి ఇప్పుడు కొత్తవి దొరకడం కష్టం. వాడినవి కొనేటట్టయితే పిన్నులు కళ్లారా చూసి తీసుకోండి. దొరక్కపోతే 5700ఎక్స్ సరిపోతుంది. కంపైలింగే ఎక్కువైతే పన్నెండు కోర్ల 5900ఎక్స్ వైపు వెళ్లండి, క్యాష్ కంటే కోర్లే అక్కడ పనికొస్తాయి.

కొనే ముందు చిన్న పరీక్ష. మీరు ఆడే గేమునే రిజల్యూషన్ బాగా తగ్గించి ఆడండి. ఫ్రేములు పెద్దగా పెరగకపోతే ప్రాసెసరే అడ్డం. అమాంతం పెరిగితే గ్రాఫిక్స్ కార్డు అడ్డం, అప్పుడు ప్రాసెసర్ మార్చి లాభం లేదు. సీపీయూ వాడకం 30 శాతమే చూపిస్తోంది కదా అని మోసపోకండి. మీ 3600లో పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిచే పని వరుసలు). గేముకి కీలకమైన ఒక్క థ్రెడ్ ఊపిరాడకుండా ఉన్నా, మొత్తం లెక్కలో అది 8 శాతంగానే కనబడుతుంది.

మార్చేటప్పుడు పాత చిప్ ఉండగానే బయాస్ అప్‌డేట్ చేయండి. ముందు బోర్డు కంపెనీ సైట్‌లో మీ మోడల్ సపోర్ట్ లిస్టు తెరిచి, కొనబోయే చిప్ పేరు, దానికి ఏ బయాస్ వెర్షన్ కావాలో చూసుకోండి.

ఇంకొక జాగ్రత్త. ఏఎం4లో పిన్నులు చిప్‌కి ఉంటాయి. ఏళ్లు గడిచాక చిప్‌కీ కూలర్‌కీ మధ్య పూసిన థర్మల్ పేస్టు గట్టిపడి, కూలర్‌ని నిట్టనిలువుగా లాగితే లీవర్ వేసి ఉన్నా చిప్ కూలర్‌కి అతుక్కుని సాకెట్ లోంచి ఊడి వచ్చేస్తుంది. పిన్నులు వంగేది అప్పుడే. విప్పే ముందు ఏదో ఒక గేము కాసేపు నడిపి పేస్టు వేడెక్కనివ్వండి. షట్‌డౌన్ చేసి, పవర్ వైరు పీకేసి, స్క్రూలు వదులు చేశాక కూలర్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పండి. పట్టు సడలినట్టు చేతికి తెలుస్తుంది. అప్పుడు ఎత్తండి.

ప్రశ్న: నాది ఐ7-13700కే. 13, 14 తరాల చిప్‌లు పాడైపోతున్నాయని చదివి టెన్షన్‌గా ఉంది. 14వ తరానికి మారితే మంచిదా?

జవాబు: 14వ తరానికి మారడం వల్ల ఆ భయం పోదు. ఆ సమస్య రెండు తరాలదీ, పైగా 14వ తరం చాలావరకు 13కే మెరుగులు దిద్దినది. అవసరానికి మించిన వోల్టేజ్ చిప్‌కి అందడం వల్ల కాలక్రమంలో దెబ్బతింటోందని ఇంటెల్ తేల్చి, 2024 ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బీ మైక్రోకోడ్‌లు (చిప్ లోపలి పనితీరుని దిద్దే కోడ్) ఇచ్చింది. ఇవి బయాస్ ద్వారా వస్తాయి, కాబట్టి మీ బోర్డుకి వచ్చిన తాజా బయాస్ ఈ వారమే వేసుకోండి. ఇక మీదట జరిగే నష్టాన్ని ఇది ఆపుతుంది. ఇప్పటికే జరిగిన నష్టాన్ని మాత్రం బాగుచేయలేదు.

గేములు మొదలయ్యేటప్పుడే కూలిపోతున్నా, గ్రాఫిక్స్ కార్డులో మెమరీ ఖాళీ ఉండగానే వీడియో మెమరీ చాలట్లేదని మెసేజ్ వస్తున్నా, పెద్ద జిప్ ఫైళ్లు విప్పేటప్పుడు తప్పులు చూపిస్తున్నా చిప్‌ని అనుమానించండి. ఈ తరాల బాక్స్ ప్రాసెసర్లకు వారంటీని ఇంటెల్ మరో రెండేళ్లు పొడిగించింది. బిల్లు వెతికి పెట్టుకోండి, అవసరమైతే అడగడానికి మొహమాటపడకండి. ఇవేవీ లేకపోతే మీ మెషీన్ ఇంకా చాలాకాలం నడుస్తుంది. మార్చే ఆలోచన నోవా లేక్ సమీక్షలు చదివాక చేయొచ్చు.

ప్రశ్న: పెట్టె మీద 65 వాట్లు అని ఉంటే పవర్ సప్లై లెక్క కూడా అంతేనా?

జవాబు: కాదండీ. 65 వాట్ల రైజెన్ సాకెట్ నుంచి 88 వాట్ల దాకా తీసుకోగలదు, 170 వాట్ల ఏఎం5 చిప్ అయితే 230 దాకా. ఐ9-14900కే మీద 125 అని ఉంటుంది, టర్బోలో, అంటే గరిష్ఠ వేగంతో నడిచేటప్పుడు ఇంటెల్ ఇచ్చిన పరిమితి 253. పవర్ సప్లైకీ కూలర్‌కీ ఈ పెద్ద అంకెనే చూడండి.

ప్రశ్న: ఇప్పుడు తక్కువలో ఏఎం5 మెషీన్ కట్టుకుని, తర్వాత మంచి చిప్ వేసుకోవాలని ఆలోచన. బోర్డులో ఏం చూడాలి?

జవాబు: చక్కటి ఆలోచన. ఏఎం5 2022 సెప్టెంబరులో వచ్చింది, 2027, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. బోర్డు మీద వేలకొద్దీ లైట్లు, రెండేసి నెట్‌వర్క్ పోర్టులు మీకు అనవసరం. వెనకవైపు బయాస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్నది తీసుకోండి. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయాస్ మార్చుకోవచ్చు, రేపు కొత్త తరం చిప్ నేరుగా తెచ్చి పెట్టేందుకు అదే ఆధారం. సాకెట్ పక్కన విద్యుత్ సరఫరా చేసే భాగాల మీద హీట్‌సింక్ ఉండాలి. ఇప్పుడు ఆరు కోర్లు చాలనుకున్నా రేపు పన్నెండో పదహారో వేస్తారు.

ర్యామ్ రెండు స్టిక్కులుగా, సరిపోయే సైజులోనే మొదట కొనండి. నాలుగు స్లాట్లున్నాయి కదా, తర్వాత ఇంకో రెండు కలుపుదాం అనుకోవద్దు. రైజెన్ 7000కి రెండు స్టిక్కులతో అధికారిక వేగం డీడీఆర్5-5200, నాలుగు పెడితే 3600కి పడిపోతుంది.

అన్నీ బిగించి మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ కొన్ని నిమిషాలపాటు నల్లగానే ఉండొచ్చు. బోర్డు మెమరీని సరిచూసుకుంటోందన్నమాట. కంగారుపడి పవర్ ఆపేయకండి.