సెయింట్స్ టీమ్ లాగా మన అప్పునూ రాబోయే ఏళ్ల మీదికి తోసేయొచ్చా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. నాకు 39 ఏళ్లు, హెచ్1బీ మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా ఇద్దరి సంపాదన పన్నులు, 401కే (రిటైర్మెంట్ పొదుపు) పోను నెలకు 11,200 డాలర్లు. ఇంటి లోను, పిల్లల ఖర్చులు పోగా ఏమీ మిగలడం లేదు. క్రెడిట్ కార్డుల మీద 34,000 డాలర్ల బాకీ ఉంది, వడ్డీ 23 శాతం. కారు లోను ఇంకా 29,000, వడ్డీ 7.5 శాతం, 4 ఏళ్లు కట్టాలి. 2018లో మియాపూర్‌లో 52 లక్షలకు కొన్న ఫ్లాటుకు ఈఎంఐ 48,000 రూపాయలు, అద్దె 21,000 వస్తోంది. దానికి ఇప్పుడు 78 లక్షలు ఇస్తామంటున్నారు, లోను 31 లక్షలు మిగిలింది. నాన్న దగ్గరుండి కొనిపించిన ఫ్లాటు కాబట్టి అమ్మడానికి మనసొప్పడం లేదు. బ్యాంకులో 9,000 డాలర్లు ఉన్నాయి. న్యూ ఆర్లీన్స్ నుంచి వచ్చిన మా కొలీగ్ ఒక మాట అన్నాడు. వాళ్ల ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ సెయింట్స్ ఏటా మార్చిలో ఆటగాళ్ల జీతాలు రీస్ట్రక్చర్ చేసి భారాన్ని వచ్చే ఏళ్లకు తోసేస్తుందట, నన్నూ అలాగే చేయమంటున్నాడు. ఇంటి మీద 63,000 డాలర్ల హోమ్ ఈక్విటీ లోను, 8.5 శాతానికి 15 ఏళ్లకు ఓకే అయింది. కార్డులు, కారు కలిపి ఇప్పుడు నెలకు 1,700 కడుతున్నాను. ఇది తీసుకుంటే 620 కడితే చాలు. వచ్చే వారం సంతకం. పెట్టమంటారా?

జవాబు: పెట్టకండి. నెలకు 1,080 డాలర్లు తగ్గుతాయంటే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది, మీ టెన్షన్ నాకు అర్థమైంది. కానీ మీ కొలీగ్ చెప్పిన పోలికలో అసలు సంగతి తలకిందులుగా ఉంది. ముందు అది చూద్దాం.

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్కో టీమ్ ఆటగాళ్ల మీద ఎంత ఖర్చు చూపించవచ్చో చెప్పే పరిమితి సాలరీ క్యాప్. 2025లో అది 27.92 కోట్ల డాలర్లు. మార్చిలో కొత్త లీగ్ సంవత్సరం మొదలయ్యేసరికి ప్రతి టీమూ ఈ పరిమితి లోపలికి రావాలి. రాకపోతే ఆటగాళ్లను తీసేయాలి, లేదా కాంట్రాక్టులు మార్చాలి. ఒక ఆటగాడికి ఈ ఏడాది ఇవ్వాల్సిన జీతంలో 2.5 కోట్ల డాలర్లను సైనింగ్ బోనస్‌గా మార్చారనుకోండి. బోనస్‌ను క్యాప్ లెక్కలో 5 ఏళ్ల దాకా పంచుకోవచ్చు. కాబట్టి ఈ ఏడాది ఖాతాలో 50 లక్షలే పడుతుంది, 2 కోట్ల చోటు ఖాళీ అవుతుంది. ఇదే మీ కొలీగ్ చెప్పిన రీస్ట్రక్చర్.

మరి ఆ 2.5 కోట్ల డబ్బు సంగతేమిటి? వారం వారం జీతంగా రావాల్సింది ఇప్పుడు ఒక్క చెక్కుగా ఆటగాడి చేతికి వస్తుంది. అంటే ఓనరు జేబులోంచి డబ్బు ఆలస్యంగా కాదు, ఇంకా ముందే వెళ్లిపోతోంది. వాయిదా పడింది పుస్తకంలో లెక్క మాత్రమే, దానికి వడ్డీ కూడా లేదు. మీ హోమ్ ఈక్విటీ లోనులో డబ్బే వాయిదా పడుతోంది, 15 ఏళ్ల పాటు వడ్డీ నడుస్తుంది, పైగా ఇల్లు తాకట్టులోకి వెళ్తుంది. సెయింట్స్ పని నచ్చి వాళ్ల లాగా చేయాలనుకుంటే, మీరు ఈ నెలే కార్డుల బాకీ మొత్తం రొక్కంగా కట్టేయాలి. ఇంతకీ వాళ్లు అలా చేయగలుగుతున్నది ఓనరు దగ్గర రొక్కం ఉంది కాబట్టి.

వడ్డీ లేకపోయినా ఆ పద్ధతి వాళ్లను ఎక్కడికి తెచ్చిందో కూడా చూడండి. ఏటా ఇలా తోయడం వెనక ఒక నమ్మకం ఉంది: క్యాప్ ప్రతి సంవత్సరం పెరుగుతుంది, ఈ ఏటి భారం పై ఏటికి చిన్నదిగా కనిపిస్తుంది అని. చాలా ఏళ్లు అలాగే జరిగింది కూడా. 2020లో క్యాప్ 19.82 కోట్లు. కోవిడ్ వల్ల స్టేడియాలు ఖాళీగా ఉండి ఆదాయం పడిపోవడంతో 2021లో అది 18.25 కోట్లకు తగ్గింది. అప్పటికి సెయింట్స్ పరిమితి కన్నా దాదాపు 10 కోట్ల డాలర్లు పైన ఉన్నారు. అదే మార్చిలో వాళ్ల స్టార్ ఆటగాడు డ్రూ బ్రీస్ రిటైరయ్యారు. ఆయన ఆడటం మానేశాక కూడా ఆయన పేరు మీద లెక్క క్యాప్‌లో మిగిలే ఉంది. దీన్నే డెడ్ మనీ అంటారు. ఆ తర్వాత 2021 నుంచి 2024 వరకు నాలుగు సీజన్లూ ఆ టీమ్ ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ మ్యాచ్‌లు) ముఖం చూడలేదు. 2024 నవంబరులో హెడ్ కోచ్ డెనిస్ అలెన్‌ను తీసేసి, 2025 ఫిబ్రవరిలో కెలెన్ మూర్‌ను తెచ్చుకున్నారు. కోచ్ మారితే పాత లెక్క మారదు కదా, కొత్తగా వచ్చినవాడు దాని కింద నుంచే మొదలుపెట్టాలి.

మీ ఇంట్లో క్యాప్ అంటే మీ జీతం. హెచ్1బీ మీద ఉద్యోగం పోతే ఇంకో స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి ఉండేది 60 రోజులు. ఆ రెండు నెలల్లో కార్డు కట్టలేకపోతే క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది, కలెక్షన్ ఫోన్లు వస్తాయి. బాధే, కానీ తట్టుకోవచ్చు. ఇంటి మీద తీసుకున్న లోను కట్టలేకపోతే మాత్రం పిల్లలు పడుకునే గదే పోయే ప్రమాదం. కార్డు బాకీకి ఇల్లు పూచీ లేదు. ఇప్పుడు మీ అంతట మీరు ఆ పూచీ రాసివ్వడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

ఇక కారు. మిగిలిన 4 ఏళ్లు మామూలుగా కట్టుకుంటూ పోతే మీకు పడే వడ్డీ దాదాపు 4,650 డాలర్లు. అదే 29,000ను 8.5 శాతానికి 15 ఏళ్లకు సాగదీస్తే వడ్డీ ఒక్కటే 22,400. మొత్తం 63,000 మీద అయితే 48,600 దాటుతుంది. పైగా 15వ ఏట ఆ కారు మీ దగ్గర ఉండదు, లేని కారుకు నెలనెలా కడుతూ ఉంటారు. ఎన్ఎఫ్ఎల్ కాంట్రాక్టుల్లో వాయిడ్ ఇయర్స్ అని ఉంటాయి. ఆటగాడు ఆడని ఏళ్లను లెక్క పంచుకోవడం కోసమే చివర్లో తగిలిస్తారు. ఈ లోనులో కారుకు మీరు తగిలిస్తున్నవి అవే. కారు లోనును కదపకండి.

నేర్చుకోవాలంటే సెయింట్స్ నుంచి కాదు, డెన్వర్ బ్రాంకోస్ నుంచి నేర్చుకోండి. 2022లో వాళ్లు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆటను నడిపించే ఆటగాడు) రసెల్ విల్సన్ కోసం రెండు మొదటి రౌండ్ పిక్స్ (డ్రాఫ్ట్‌లో కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వంతులు), రెండు రెండో రౌండ్ పిక్స్, ముగ్గురు ఆటగాళ్లను సియాటిల్ టీమ్‌కు ఇచ్చారు, పైన ఇంకో పిక్ కూడా. ఆయన ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే 5 ఏళ్లకు దాదాపు 24 కోట్ల డాలర్లకు కాంట్రాక్టు పొడిగించి రాసిచ్చారు. ఆ సీజన్ 5 గెలుపులు, 12 ఓటములు. హెడ్ కోచ్ నేథనియల్ హాకెట్‌ను సీజన్ పూర్తికాకుండానే పంపేశారు. 2023లో షాన్ పేటన్ వచ్చాడు, ఒకప్పుడు సెయింట్స్‌ను లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిపించిన కోచ్ ఆయనే. ఆ ఏడాది చివరి రెండు మ్యాచ్‌లకు విల్సన్‌ను బెంచ్ మీద కూర్చోబెట్టాడు. 2024 మార్చి మధ్య దాటితే 2025కు ఇంకో 3.7 కోట్ల డాలర్లు గ్యారంటీ అయిపోతాయి. ఆ తేదీ రాకముందే విల్సన్‌ను వదిలేశారు. 8.5 కోట్ల డాలర్ల డెడ్ మనీ నెత్తిన పడింది. జూన్ 1 నిబంధన వాడుకుని దాన్ని 2024లో 5.3 కోట్లు, 2025లో 3.2 కోట్లుగా పంచుకున్నారు. రెండేళ్లు, అంతే.

ఇందులో రెండు సంగతులు మీకు పనికొస్తాయి. ఒకటి, విల్సన్ కోసం ఎంత ఇచ్చామన్నది వాళ్లు తలుచుకుంటూ కూర్చోలేదు. ఇచ్చిన పిక్స్ ఎలాగూ తిరిగి రావు. ఇక ముందు ఎంత పోతుందన్నదే చూశారు. రెండు, ఆ భారం మోస్తున్న ఏడాది క్వార్టర్‌బ్యాక్ కోసం మళ్లీ పెద్ద జీతానికి పోలేదు. డ్రాఫ్ట్‌లో 12వ పిక్‌తో బో నిక్స్‌ను తీసుకున్నారు. కొత్త కుర్రాడు కాబట్టి నాలుగేళ్లకు కలిపి కాంట్రాక్టు 1.9 కోట్ల లోపే. 2024లో 10 మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్స్‌కు వెళ్లారు. ఈ కథ నేను చాలా కుటుంబాలకు చెబుతుంటాను, ఎందుకంటే అప్పు తీరుస్తూ కూడా బాగా బతకొచ్చని నమ్మడం వాళ్లకు కష్టంగా ఉంటుంది.

మీ విల్సన్ మియాపూర్ ఫ్లాటు. నెలకు 27,000 రూపాయలు, అంటే సుమారు 300 డాలర్లు ఎదురు పెడుతున్నారు. ఇక్కడ 23 శాతం వడ్డీకి అప్పు పెట్టుకుని అక్కడ ఫ్లాటు కాపాడుకుంటున్నారు. 78 లక్షలకు అమ్మితే లోను తీరి 47 లక్షలు చేతికొస్తాయి. లాభం 26 లక్షల మీద ఎన్ఆర్ఐలకు దీర్ఘకాలిక పన్ను 12.5 శాతం, సెస్ కాక 3.25 లక్షలు. జాగ్రత్త పడాల్సింది టీడీఎస్ దగ్గర. ముందుగా తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే కొనేవారు లాభం మీద కాకుండా అమ్మకం ధర మొత్తం మీద కోసేస్తారు, అది రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకునేదాకా ఇరుక్కుంటుంది. హైదరాబాద్‌లో ఒక మంచి చార్టర్డ్ అకౌంటెంట్‌ను పెట్టుకుని అగ్రిమెంటుకు ముందే దరఖాస్తు చేయించండి. అమెరికా రిటర్న్‌లో కూడా ఈ లాభం చూపించాలి, అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ క్రెడిట్ వస్తుంది.

నాన్నగారి విషయం. ఫోన్‌లో చెప్పకండి, వీలైతే వెళ్లినప్పుడు ఎదురుగా కూర్చుని చెప్పండి. "నువ్వు కొనిపించిన ఫ్లాటే మమ్మల్ని అప్పులోంచి బయట పడేస్తోంది నాన్నా" అనండి. అది అబద్ధం కాదు. 52 లక్షల ఫ్లాటు 78 లక్షలైంది ఆయన చూపు వల్లే కదా.

అమ్మకానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా కార్డుల 34,000ను మాత్రం క్రెడిట్ యూనియన్‌లో (సభ్యుల సహకార బ్యాంకు) 3 ఏళ్ల పర్సనల్ లోనుకు మార్చండి. ఇల్లు తాకట్టు పెట్టొద్దు, ముందే తీర్చేస్తే పెనాల్టీ లేదని కాగితంలో చూసుకోండి. 12 శాతానికి దొరికితే నెలకు 1,130. ఫెడరల్ క్రెడిట్ యూనియన్లు 18 శాతం మించి వేయకూడదు, అంత పడినా 1,230. ఇప్పుడు కార్డులకు మినిమమ్ 1,000 కడుతున్నారు కాబట్టి 130 నుంచి 230 దాకా ఎక్కువ సర్దుకోవాలి. ఫ్లాటు డబ్బు రాగానే ఈ లోను మూసేయండి. మిగిలింది పొదుపులో వేయండి, 9,000 డాలర్లు మీ వీసా పరిస్థితికి చాలా తక్కువ. క్యాప్‌లో వాడని మొత్తాన్ని టీమ్‌లు పై ఏటికి తీసుకెళ్లవచ్చు, దానివల్లే కొన్ని టీమ్‌లు మార్చిలో నిబ్బరంగా ఉంటాయి. మీకు పొదుపు అలాంటిదే.

కార్డులు ఖాళీ అయ్యాక వాటిని ఇంట్లో ఎక్కడ పెడతారన్నది కూడా ముఖ్యమే. కొన్నేళ్ల క్రితం నా దగ్గరికి వచ్చిన ఒక జంట కార్డులన్నీ ఇంటి లోనులోకి మార్చేశారు. రెండేళ్లు తిరక్కుండా కార్డులు మళ్లీ నిండాయి, ఇంటి లోను అలాగే ఉంది. వాళ్లు తప్పుడు మనుషులేం కాదు, నెల ఖర్చు ఆదాయం కన్నా ఎక్కువగా ఉందన్న సంగతి ఎవరూ కూర్చుని చూడలేదు. మీ లెక్కలోనూ నాకు అదే అనుమానం. కోచ్‌ల జీతాలు సాలరీ క్యాప్‌లోకి రావు, అయినా ఓనరు జేబులోంచే పోతాయి. అలాగే మీ ప్రశ్నలో ప్రాపర్టీ ట్యాక్స్ లేదు, ఇన్సూరెన్స్ లేదు, ఇండియా టికెట్లు లేవు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కానీ ప్రాపర్టీ ట్యాక్స్ బరువే. ఇద్దరూ కలిసి 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకుని ఇవన్నీ రాయండి. కార్డు బాకీ పుట్టింది అక్కడే అని నా ఊహ.

ఒకవేళ ఇది చదివేలోపే సంతకం అయిపోయి ఉంటే కంగారు పడకండి. సొంత ఇంటిని తాకట్టు పెట్టి తీసుకునే ఇలాంటి లోనును సంతకం తర్వాత 3 పనిదినాల్లో రాతపూర్వకంగా రద్దు చేసుకునే హక్కు ఫెడరల్ చట్టం ఇస్తుంది. శనివారం లెక్కలోకి వస్తుంది, ఆదివారం రాదు. ముగింపు కాగితాల్లో రద్దు ఫారం రెండు కాపీలు ఉంటాయి. ఒకటి నింపి, తేదీ వేసి, సంతకం పెట్టి గడువు లోపలే పంపండి, రెండోది రసీదుతో పాటు మీ దగ్గర ఉంచుకోండి.